2025 వార్షిక కార్యకలాపాల నివేదిక: రష్ సంగీతంతో గడిచిన ఏడాది

గౌరవనీయులైన సంఘ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించిన ప్రకారం, 2025లో మన శ్రవణ గోష్ఠులన్నింటినీ టొరంటో గడ్డ మీద పుట్టిన ప్రోగ్రెసివ్ రాక్ (పొడుగాటి, క్లిష్టమైన రచనలకు పేరుపడ్డ రాక్ శాఖ) బృందం రష్‌కే కేటాయించాం. ఏడాది పొడుగునా ఒకే బృందాన్ని వింటే విసుగు పుడుతుందని కొందరు సభ్యులు మొదట్లోనే అభ్యంతరం చెప్పారు, ఆ అభ్యంతరాన్ని కార్యవర్గం మినిట్స్‌లో నమోదు చేసింది కూడా. హాస్టల్ గదిలో ఎవరో కాపీ చేసి ఇచ్చిన క్యాసెట్‌తో మొదలై, జుట్టు నెరిసినా తగ్గని అభిమానం నాది. కార్యదర్శిగా ఈ నివేదిక రాసే పని నా మీద పడింది కాబట్టి, ఇందులోని పొగడ్తను సభ్యులు ఆ మేరకు తగ్గించుకుని చదువుకోవచ్చు.

ఈ బృందాన్నే ఎంచుకోవడానికి కార్యవర్గం చూపిన కారణం ఒక్కటే. మనలో ఎక్కువమంది బ్రాంప్టన్, మిసిసాగా, స్కార్‌బరో లాంటి టొరంటో శివార్లలో కాపురాలు పెట్టుకున్నవాళ్ళం. రష్ కూడా 1968లో టొరంటోకు ఉత్తరపు శివారైన విల్లోడేల్‌లో, వలస వచ్చిన కుటుంబాల పిల్లల చేతుల్లో రూపుదిద్దుకుంది. గిటార్ వాయించే అలెక్స్ లైఫ్‌సన్ తల్లిదండ్రులు యుగోస్లావియా నుంచి వచ్చిన సెర్బులు. బేస్ గిటార్ వాయిస్తూ పాడే గెడ్డీ లీ తల్లిదండ్రులు పోలండ్ యూదులు, నాజీల నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడి కెనడా చేరినవాళ్ళు. లీకి పన్నెండేళ్ళప్పుడు తండ్రి పోతే, తల్లి దుకాణం నడిపి పిల్లల్ని పెంచింది. శిబిరం నుంచి విముక్తి దొరికిన రోజు గురించి ఆమె కొడుక్కి చెప్పిన మాటల్లోంచే 1984 నాటి ‘రెడ్ సెక్టర్ ఏ’ పాటకు బీజం పడింది. ఈ నేపథ్యం తెలిశాక ఆ పాటను మళ్ళీ పెట్టించుకుని విన్నవాళ్ళలో, మొదట అభ్యంతరం చెప్పిన సభ్యులు కూడా ఉన్నారని నమోదు చేయడానికి సంతోషిస్తున్నాను.

తొలి గోష్ఠి 1976 నాటి ‘2112’ ఆల్బమ్ గురించి. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘కెరెస్ ఆఫ్ స్టీల్’ అమ్ముడుపోలేదు, కచేరీలకు జనం పలచబడ్డారు, పొడుగాటి పాటలు మానేసి రేడియోకు పనికొచ్చే చిన్న పాటలు చేయమని రికార్డు కంపెనీ ఒత్తిడి తెచ్చింది. డ్రమ్మర్ నీల్ పియర్ట్ తిరిగి తండ్రిగారి వ్యవసాయ యంత్రాల వ్యాపారంలోకి వెళ్ళిపోవలసి వస్తుందనే అనుకున్నాడు. అటువంటి స్థితిలో ముగ్గురూ కలిసి రికార్డు ఒక పక్కంతా పట్టే, ఇరవై నిమిషాలు దాటిన ఒకే రచన చేసి కంపెనీ ముందు పెట్టారు, అది అమ్ముడుపోయింది, ఆ తరవాత వాళ్ళ పనిలో వేలుపెట్టే సాహసం ఎవరూ చేయలేదు. నా మటుకు నాకు, పూజారులు పాలించే భవిష్యత్ లోకంలో ఒక కుర్రవాడికి గిటార్ దొరికే ఆ కథ ఇప్పుడు చిన్నపిల్లల కథలా అనిపిస్తుంది. అయినా, ఆ కుర్రవాడు గిటార్‌ను మొదటిసారి పట్టుకుని శ్రుతి చేసుకునే ఘట్టంలో లైఫ్‌సన్ వాయింపు తడబడుతూ మొదలై మెల్లగా రాగం పట్టుకునే తీరు చాలా నేర్పుతో కూడినది. విన్న ప్రతిసారీ అక్కడ ఆగిపోతాను. ఆ ఆల్బమ్ మీద పియర్ట్, వ్యక్తి స్వార్థమే ధర్మమని వాదించిన అమెరికా రచయిత్రి అయిన్ రాండ్‌కు కృతజ్ఞత తెలిపినందుకు బ్రిటన్‌లో ఒక సంగీత పత్రిక బృందానికి ఫాసిస్టు ముద్ర వేసే ప్రయత్నం చేసింది. లీ తల్లిదండ్రుల చరిత్ర తెలిసినవాళ్ళకు ఆ ముద్ర ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కరలేదు. పియర్ట్ కూడా తరవాతి కాలంలో ఆ రచయిత్రి భావాల నుంచి దూరం జరిగాడు.

సంవత్సరం మొత్తంలో అందరికీ గుర్తుండిపోయిన గోష్ఠి 1981 ఫిబ్రవరిలో విడుదలైన ‘మూవింగ్ పిక్చర్స్’ ఆల్బమ్‌ది. క్యూబెక్‌లోని మోరిన్ హైట్స్ అడవిలో, సరస్సు ఒడ్డున ఉన్న స్టూడియోలో దాన్ని రికార్డు చేశారు. ఆ భవనం 2017లో అగ్నికి ఆహుతైంది. ఇందులో ‘వై వై జెడ్’ అనే మాటలు లేని రచన ఉంది. ఈ మూడు అక్షరాలూ మనందరికీ సుపరిచితమే, ఎందుకంటే హైదరాబాదు నుంచి వచ్చే పెట్టెలకు అంటించే చీటీ మీద ఉండేది అవే, టొరంటో పియర్సన్ విమానాశ్రయానికి గుర్తు. పైలట్లు దారి తెలుసుకోవడానికి విమానాశ్రయం నుంచి ఆ అక్షరాలు మోర్స్ సంకేతాల్లో, అంటే దీర్ఘ, హ్రస్వ చప్పుళ్ళుగా, నిరంతరం ప్రసారమయ్యేవి, ఆ చప్పుడు చెవిన పడి దాన్నే ఎత్తుగడగా పెట్టుకున్నారు.

సభ్యుల్లో మృదంగం నేర్పే ఒక పెద్దాయన ఆ ఎత్తుగడను చేతి మీద లెక్క వేసి చూపించారు. దీర్ఘ సంకేతానికి రెండు అక్షరకాలాలు, హ్రస్వానికి ఒకటి అనుకుంటే, వై అనే అక్షరం దీర్ఘం, హ్రస్వం, దీర్ఘం, దీర్ఘం కాబట్టి ఏడు; రెండో వై కూడా ఏడు; జెడ్ రెండు దీర్ఘాలు, రెండు హ్రస్వాలు కాబట్టి ఆరు. మొత్తం ఇరవై. అంటే ఖండ జాతి ఏకతాళాన్ని చతురశ్ర గతిలో ఒక ఆవర్తం వేసినట్టు, అయిదు దెబ్బలకు నాలుగేసి అక్షరాలు. తాళం తన దారిన అయిదుగా నడుస్తుంటే, పైన సంకేతం ఏడు, ఏడు, ఆరుగా విరుగుతూ ఆవర్తం చివర సరిగ్గా సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, చేరుతుంది. ఆయన కుడిచేత్తో తాళం వేస్తూ నోటితో సంకేతాన్ని పలకగా, మొదటి రెండుసార్లు తప్పిన సభ్యులు మూడోసారికి కలిశారు. రాక్ సంగీతమంటే నాలుగు దెబ్బల మోత తప్ప ఇంకేమీ కాదని వాదించే మన సీనియర్ సభ్యులొకరు ఆ పూట ఇంటికి వెళ్తూ ఆల్బమ్ పేరు కాగితం మీద రాసుకున్నారు. 2002 నవంబరులో బ్రెజిల్‌లోని రియోలో, మరకానా మైదానంలో, వేలాది శ్రోతలు ఇదే రచనకు మాటలు లేకపోయినా గొంతెత్తి స్వరం పాడిన రికార్డింగును కూడా చివర్లో వినిపించాం. ఆ రోజు శబ్దం కాస్త ఎక్కువైందని పక్క హాలు వారు ఫిర్యాదు చేశారు, కార్యవర్గం వారికి క్షమాపణ తెలిపింది.

మిగిలిన గోష్ఠుల్లో వాదోపవాదాలు ఎక్కువ జరిగింది 1982 నాటి ‘సిగ్నల్స్’ మీద. అప్పటి నుంచి కొన్నేళ్ళ పాటు రష్ సంగీతంలో సింథసైజర్లదే (ఎలక్ట్రానిక్ కీబోర్డులదే) పైచేయి, గిటార్ వెనక్కి తగ్గింది, అది లైఫ్‌సన్‌కే నచ్చలేదన్న సంగతి జగమెరిగినది. పాత అభిమానులు చాలామంది ఈ దశను దాటవేస్తారు. నేను వారితో ఏకీభవించను. ఆ ఆల్బమ్‌లో మొదటి పాట ‘సబ్‌డివిజన్స్’, ఒకేలా కట్టిన ఇళ్ళ వరసల్లో పెరుగుతూ, తోటివారి గుంపులో ఇమడలేని పిల్లల గురించినది. సింథసైజర్ మీద చల్లగా, ఏడు లెక్కన సాగే ఆ ఎత్తుగడ అటువంటి వీధుల్ని కళ్ళకు కట్టినట్టు గిటార్ ఏనాడూ కట్టలేదని నా అభిప్రాయం. గోష్ఠికి వచ్చిన పిల్లల్లో ఇద్దరు, ఇక్కడే హైస్కూల్లో చదువుతున్నవాళ్ళు, ఆ పాట తమ స్కూలు గురించేనన్నారు. వాళ్ళు పుట్టడానికి చాలా ఏళ్ళ ముందు రాసినదని చెబితే నమ్మలేదు. 1980 నాటి ‘ది స్పిరిట్ ఆఫ్ రేడియో’ పాటకు ప్రేరణ మన బ్రాంప్టన్‌లోనే ఒక చిన్న ఇంటి నుంచి ప్రసారాలు చేసిన సీఎఫ్ఎన్‌వై రేడియో అని తెలిసి అక్కడి సభ్యులు కాసేపు గర్వపడ్డారు. ఆ పాటలో రేడియోను మెచ్చుకోవడం ఎంత ఉందో, సంగీతాన్ని అమ్మకపు సరుకుగా మార్చేవాళ్ళను దెప్పడమూ అంతే ఉందని గుర్తు చేయవలసి వచ్చింది.

వేసవిలో సభ్యులం కుటుంబాలతో సెయింట్ క్యాథరిన్స్ వెళ్ళాం. పియర్ట్ చిన్నతనం గడిచిన పోర్ట్ డల్హౌసీలోని లేక్‌సైడ్ పార్కు మీద 1975లోనే ఒక పాట ఉంది, ఇప్పుడు అక్కడి మండపానికి ఆయన పేరు పెట్టారు. పులిహోర, పెరుగన్నం సర్దుకుని వచ్చిన వారందరికీ ధన్యవాదాలు.

నీల్ పియర్ట్ గురించి ప్రత్యేకంగా జరిపిన గోష్ఠిని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏడాది చివర్లో వచ్చిన వివాదానికి మూలం అక్కడే ఉంది. బృందంలో అతను తొలి డ్రమ్మర్ కాడు. మొదటి ఆల్బమ్‌లో వాయించిన జాన్ రట్సీ తప్పుకున్నాక, 1974 జులై 29న, అంటే సరిగ్గా గెడ్డీ లీ ఇరవై ఒకటో పుట్టినరోజున, పియర్ట్ చేరాడు. రెండు వారాలు తిరిగేసరికి పిట్స్‌బర్గ్‌లో వేలమంది ముందు వాయించవలసి వచ్చింది. పాటలకు మాటలు రాసే పని కూడా అతని మీదే పడింది. తొంభైల నాటికి ప్రపంచంలోని అగ్రశ్రేణి డ్రమ్మర్లలో ఒకడిగా పేరు పొందినవాడు, తన వాయింపు బిగుసుకుపోతోందనిపించి, 1994లో ఫ్రెడ్డీ గ్రూబర్ అనే వృద్ధ గురువు దగ్గర శిష్యుడిగా చేరి, పుల్ల పట్టుకునే పద్ధతితో సహా మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. సంగీతం నేర్పే మన సభ్యులు ఈ ఒక్క సంగతినే తమ శిష్యులకు పదేపదే చెబుతున్నారని విన్నాను.

1997 ఆగస్టులో కారు ప్రమాదంలో పందొమ్మిదేళ్ళ కూతురు, పది నెలలకు క్యాన్సరుతో భార్య పోయాక, తనను రిటైరైనట్టే అనుకోమని పియర్ట్ సహచరులతో చెప్పి, మోటారు సైకిలెక్కి ఉత్తర అమెరికా అంతా, మెక్సికో, బెలీజ్ దాకా వేల మైళ్ళు తిరిగాడు. లీ, లైఫ్‌సన్ ఆ కాలంలో మరొక డ్రమ్మర్ కోసం వెతకలేదు, ఎదురుచూశారు. 2002లో వచ్చిన ‘వేపర్ ట్రెయిల్స్’ ఆ నిరీక్షణకు ఫలం. శబ్ద నాణ్యత దృష్ట్యా ఆ ఆల్బమ్ విమర్శలకు గురైన మాట వాస్తవం, చెవులు చిల్లులు పడేంతగా శబ్ద స్థాయి పెంచి, హెచ్చుతగ్గులు లేకుండా అణిచారు, 2013లో మళ్ళీ మిక్స్ చేయవలసి వచ్చింది. అయితే సింథసైజర్ ఒక్కటీ లేకుండా, పియర్ట్ డ్రమ్స్‌తోనే ఎత్తుకునే మొదటి పాటను సభ్యులు నిశ్శబ్దంగా విన్నారు.

2015 నాటి చివరి పర్యటనలో పాటల్ని కొత్తవాటి నుంచి పాతవాటికి వెనక్కి నడిపారు. వాయిస్తుండగానే సిబ్బంది వచ్చి వేదిక మీది సామగ్రిని ఒక్కొక్కటే తీసేయగా, ఆఖరుకి స్కూలు వ్యాయామశాలను తలపించే వేదిక మీద, కుర్చీల మీద పెట్టిన యాంప్లిఫయర్ల ముందు ముగ్గురూ మిగిలారు. ఆగస్టు 1న లాస్ ఏంజెలిస్‌లో అది ముగిసింది. పియర్ట్ 2020 జనవరి 7న మెదడు క్యాన్సరుతో కన్నుమూశాడు.

ఇక వివాదం. అక్టోబరులో లీ, లైఫ్‌సన్ జర్మనీకి చెందిన డ్రమ్మర్ అనికా నిల్లెస్‌తో కలిసి 2026లో రష్ పేరుతోనే పర్యటిస్తామని ప్రకటించగానే, మన సంఘంలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. పియర్ట్ లేనిదాన్ని రష్ అనడం తగదనీ, పేరు మార్చుకుని వాయించుకోవచ్చనీ ఒక వర్గం వారు గట్టిగా వాదించారు. ఆ వాదనలో ఆవేదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. నా వరకు నేను రెండో పక్షాన నిలిచాను. 1974లో పిట్స్‌బర్గ్ వేదిక ఎక్కిన పియర్ట్ కూడా ఒకరి స్థానంలో, రెండు వారాల సాధనతో వచ్చిన కొత్తవాడే. పైగా డెబ్భై రెండేళ్ళ వయసులో ఇద్దరు చిన్ననాటి స్నేహితులు తాము కట్టిన పాటల్ని తాము వాయించుకోవడానికి మన సంఘం అనుమతి అవసరం లేదు. పేరు నిలుపుకోవడంలో వ్యాపారం లేదని నేను అనను; టికెట్ల ధరలు చూసినవాళ్ళెవరూ అనలేరు. నిల్లెస్ విషయంలో మాత్రం తొందరపాటు తీర్పులు వద్దని సభ్యులకు మనవి. 2022లో గిటారిస్టు జెఫ్ బెక్ చివరి బృందంలో ఆమె వాయించిన రికార్డింగులు మన దగ్గర ఉన్నాయి, కావలసినవారు అడిగి వినవచ్చు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. హాలు అద్దె పెరగడం వల్ల సభ్యత్వ రుసుము విషయాన్ని సర్వసభ్య సమావేశంలో చర్చకు పెడుతున్నాం. కొత్తగా చేరిన సభ్యుల్లో చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులే ఎక్కువ, వారికి రుసుము సగానికి తగ్గించాలన్న ప్రతిపాదనను కార్యవర్గం సమర్థిస్తోంది.

2026 ఆగస్టులో టొరంటోలో జరిగే రష్ కచేరీలకు సంఘం నిధులతో టికెట్లు కొనాలన్న కోరికను కార్యవర్గం తోసిపుచ్చింది. ఎవరి డబ్బుతో వారు వెళ్ళవచ్చు. కచేరీ చూసి వచ్చినవారితో సెప్టెంబరులో ఒక గోష్ఠి ఏర్పాటు చేస్తాం, వెళ్ళకూడదని నిర్ణయించుకున్న పక్షం వారు కూడా ఆ రోజు తప్పక వచ్చి తమ మాట చెప్పాలని కోరుతున్నాం. మిగిలిన నెలలకు ఏ బృందాన్ని తీసుకోవాలన్న ప్రతిపాదనలు జనవరి నెలాఖరులోగా కార్యదర్శికి రాతపూర్వకంగా అందాలి.

ఇట్లు,
కార్యవర్గం తరఫున,
కార్యదర్శి