పైథాన్‌లో టైపులు ఉండవని పిల్లలకి చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో చదువుల పేజీ నేను రెగ్యులర్‌గా చదువుతానండి, మా అక్క కొడుకు ఈ మధ్యే బీటెక్‌లో చేరాడు కాబట్టి ఇప్పుడు ఇంకా శ్రద్ధగా చూస్తున్నా. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి రాసినప్పుడల్లా అందులో ఒక మాట కనబడుతోంది, "టైపులు ఉండవు, అందుకే తేలిక" అని. టైపు అంటే ఒక విలువ నంబరా, అక్షరాలా అనే రకం. అమీర్‌పేటలో డెమో క్లాసులో కూర్చున్నా ఇదే మాట విన్నా. జావా అనే ఇంకో భాషలో పదకొండేళ్లు పనిచేసి రెండేళ్ల కిందట పైథాన్‌కి మారినవాణ్ణి నేను, ఆ మాట నమ్మి దెబ్బతిన్నా, అందుకే ఈ ఉత్తరం.

అసలు సంగతి ఏంటంటే జావాలో టైపు వేరియబుల్ (విలువ దాచుకునే చోటు) పేరుకి ఉంటుంది, పైథాన్‌లో ఆ పేరు వెనకున్న విలువకి ఉంటుంది. జావాలో ప్రైస్ అనే పేరుని ఇంట్ (పూర్ణాంకం) అని డిక్లేర్ చేస్తే చివరిదాకా అందులో అంకె తప్ప ఇంకోటి పెట్టనివ్వదు, కంపైలే అవదు, అంటే నడిపే ముందు జరిగే తనిఖీ దాటదు. పైథాన్‌లో అదే పేరుకి ముందు నంబర్ ఇచ్చి తర్వాత స్ట్రింగ్ (అక్షరాల వరస) ఇచ్చినా ఊరుకుంటుంది, కానీ ఏ విలువ టైపు దానికి ఉండనే ఉంటుంది. కొటేషన్లలో ఉన్న "10"కి 5 కలపమనండి, టైప్ ఎర్రర్ అని అక్కడే ఆగిపోతుంది. అదే జావా అయితే ఏమీ అనకుండా రెండూ అతికించి "105" చేతిలో పెడుతుంది. అంటే ఈ ఒక్క విషయంలో పైథానే గట్టిది. మరి టైపులు లేవని ఎలా అంటాం? తేడా అంతా చెక్ చేసే టైంలో ఉంది, జావా ప్రోగ్రామ్ నడవకముందే చూస్తుంది, పైథాన్ సరిగ్గా ఆ లైన్ మీదకి వచ్చాకే చూస్తుంది. ఆ లైన్ ఆర్నెల్ల తర్వాత ఒక రాత్రి పదకొండింటికి మొదటిసారి నడిస్తే అప్పుడే తెలుస్తుంది.

మాకు అలాగే తెలిసింది. డెలివరీ స్లిప్‌లు ప్రింట్ చేసే చిన్న ప్రోగ్రామ్ నేనే రాశా, ధరని క్వాంటిటీతో గుణించి స్లిప్ మీద వేయడమే దాని పని. ధరలు డేటాబేస్ నుంచి వచ్చినన్ని రోజులు బాగానే నడిచింది. తర్వాత క్లయింట్ ధరల్ని సీఎస్‌వీ ఫైల్లో, అంటే కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్లో పంపడం మొదలుపెట్టాడు, పైథాన్ సీఎస్‌వీ మాడ్యూల్ మామూలుగా ఏ కాలమ్ చదివినా స్ట్రింగ్‌గానే ఇస్తుంది, నేను ఆ సంగతే పట్టించుకోలేదు. స్ట్రింగ్‌ని 3తో గుణిస్తే పైథాన్ ఎర్రర్ ఇవ్వదండి, దాన్నే మూడుసార్లు పక్కపక్కన రాస్తుంది. 1200 రూపాయల వస్తువు మూడు తీసుకుంటే స్లిప్ మీద 3600 బదులు 120012001200 అని పడింది. గోడౌన్ వాళ్లు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు, ఆ ఫోటో చూడగానే నాకు గుండె జారిపోయింది. జావాలో ఇదే తప్పు చేసి ఉంటే స్ట్రింగ్‌ని ఇంట్‌తో గుణించడం కుదరదని కంపైలర్ అప్పుడే చెప్పేసేది, నేను తిట్టుకుంటూ సరిచేసి ఇంటికెళ్లేవాణ్ణి.

ఇంకోటి, స్పెల్లింగ్. డిస్కౌంట్ అనే వేరియబుల్ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది అనుకోండి, ఆ పేరుకి విలువ ఇస్తే జావా అలాంటి పేరే లేదంటుంది, పైథాన్ మామూలు క్లాస్‌లో (డేటా, ఫంక్షన్లు కలిపి రాసుకునే మూసలో) అయితే సెల్ఫ్ డాట్, అంటే ఈ వస్తువుదే అనే గుర్తు పెట్టి ఆ తప్పు పేరు రాసినా కొత్త వేరియబుల్ తయారుచేసుకుని ముందుకెళ్లిపోతుంది, అసలు డిస్కౌంట్ పాత విలువతోనే ఉండిపోతుంది. ఇది పట్టుకోవడానికి నాకు ఒక మధ్యాహ్నం మొత్తం పట్టింది.

ఇదంతా చదివి పైథాన్ మీద కోపంతో రాశాననుకోకండి, నాకు ఇప్పుడు ఆ భాషంటే నిజంగా ఇష్టం. జావాలో ఒక ఫంక్షన్‌కి ఫైల్ బదులు ఇంకేదైనా ఇవ్వాలంటే ఇంటర్‌ఫేస్ (ఏ మెథడ్స్ ఉండాలో చెప్పే జాబితా) రాయాలి, క్లాస్‌లో దాన్ని ఇంప్లిమెంట్ చేయాలి, పైథాన్‌లో రీడ్ అనే మెథడ్ (ఆ వస్తువుకి సొంతమైన ఫంక్షన్) ఉంటే చాలు, అది ఫైలా, మెమరీలో ఉన్న టెక్స్టా, టెస్ట్ కోసం నేను చేసిన డమ్మీయా అని అడగదు. జావాలో రోజంతా పట్టే పని చాలాసార్లు టీ టైంకే అయిపోతోంది. కానీ కంపైలర్ చేసిపెట్టిన కాపలా పని ఇప్పుడు మనమే చేసుకోవాలి, ఈ మాట ఎవరూ చెప్పట్లేదు.

ఆ కాపలాకి సాధనాలు లేవా అంటే ఉన్నాయి. 2015లో వచ్చిన పైథాన్ 3.5 నుంచే టైప్ హింట్స్ ఉన్నాయి, ఫంక్షన్ రాసేటప్పుడే ప్రైస్ ఇంట్ అని పక్కన రాసుకోవచ్చు. అయితే పైథాన్ నడిచేటప్పుడు వాటిని పట్టించుకోదు, ఇంట్ అని రాసినచోట స్ట్రింగ్ పంపినా నడుస్తుంది, వాటిని చదివి తప్పు చెప్పడానికి మైపై లాంటి టూల్ విడిగా నడపాలి. ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచిపెట్టే కంపెనీ డ్రాప్‌బాక్స్ వాళ్లు ఏకంగా 40 లక్షల లైన్ల పైథాన్ కోడ్‌ని మైపైతో చెక్ చేయించుకున్నారు, పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రాసమ్ అప్పట్లో అక్కడే పనిచేసేవాడు. భాష పుట్టించిన మనిషే ఇంత పట్టించుకున్నప్పుడు మన క్లాసుల్లో దీని ఊసే లేకపోవడం ఏంటి? ఆ స్లిప్‌ల గొడవ తర్వాత మా టీంలో ఫైల్ నుంచి వచ్చే ప్రతి ధరనీ గుమ్మం దగ్గరే నంబర్‌గా మార్చి లోపలికి తీసుకుంటున్నాం, మారకపోతే అక్కడే ఆపేస్తున్నాం, మైపై ఒప్పుకోకపోతే కోడ్ మెర్జ్ అవదు, అంటే టీం అసలు కోడ్‌లో కలవదు.

మా దగ్గరికి చేరే ఫ్రెషర్స్‌కి టైప్ హింట్ అంటే ఏంటో తెలియట్లేదు, తప్పు వాళ్లది కాదు, వాళ్లకి అలా నేర్పారు. ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు కోర్సు చివర ఒక గంట కాదు, మొదటి ఫంక్షన్ రాయించిన రోజే హింట్ కూడా రాయించాలి, మైపై ఎర్రర్ ఎలా ఉంటుందో కళ్లతో చూపించాలి. మీరు కూడా ఈసారి పైథాన్ మీద ఆర్టికల్ వేసేటప్పుడు ఆ "టైపులు ఉండవు" అనే లైన్ తీసేసి, దాని చోట ఆ 120012001200 లెక్క వేయండి, మా అక్క కొడుకు ముందుగా మీ పేజీలోనే చదువుతాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్