క్రిప్టో సభల్లో పన్ను మాట ఎవరు చెబుతారు?

విజయనగరంలో క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్లు) సదస్సులని పెట్టి కుర్రాళ్లను పోగేస్తున్నవాళ్లు రాజకీయాలు వాదించుకుంటున్నారే గానీ, డబ్బు పెట్టేవాడికి ముందు తెలియాల్సిన పన్ను సంగతి చెప్పడం లేదు. ఈమధ్య ఒక హోటల్ హాల్లో జరిగిన సభకు నేనూ వెళ్లాను. బిట్‌కాయిన్ మీద ఏ ప్రభుత్వ పెత్తనమూ ఉండకూడదని ఒక వర్గం, చట్టం తెచ్చి లైసెన్సులు ఇస్తేనే జనం నమ్ముతారని ఇంకో వర్గం, చివరికి అది కేంద్రాన్ని పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ మైకు లాక్కునేదాకా పోయింది (ప్రభుత్వమే వద్దన్న పెద్దమనిషి, మైకు తన చేతికి రాకపోయేసరికి పోలీసుల్ని పిలవమన్నాడు!). వాదించుకోవడం తప్పని అనను, క్రిప్టో లావాదేవీలకు బ్యాంకులు సేవలు ఇవ్వకూడదని 2018లో రిజర్వు బ్యాంకు పెట్టిన ఆంక్షలను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసిన తర్వాత కూడా తెగని విషయమే అది. కానీ వెనక వరుసలో డిగ్రీ పిల్లాడొకడు లేచి "నష్టం వస్తే పన్నులో తగ్గిస్తారా సార్" అని అడిగితే వేదిక మీద ఒక్కరూ నోరు విప్పలేదు. తగ్గించరు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఒక కాయిన్‌లో పోయిన డబ్బును ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేసుకోవడానికి లేదు, పరిమితి దాటిన అమ్మకాలపై అదే ఏడాది జూలై నుంచి 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా కోసుకునే పన్ను) కూడా. ఇలాంటి సభ పెట్టేవాళ్లు ఈ పన్ను లెక్కలనూ, మోసపోతే వెంటనే ఫోన్ చేయాల్సిన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరునూ తెలుగులో బోర్డు మీద రాసి గుమ్మం దగ్గరే పెట్టాలని జిల్లా అధికారులు షరతు విధించాలి, జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు వాళ్లు డిగ్రీ కాలేజీలకు వెళ్లి ఓ గంట చెబితే ఇంకా మంచిది.

— ఒక పాఠకుడు, విజయనగరం