సత్తిబాబుకి, ముసలి తుపాకీ గురించి

పిట్స్‌బర్గ్,
డిసెంబరు 14

ఒరేయ్ సత్తిబాబూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు నీ నవ్వే ఉంది. "కొత్త తుపాకులు కూరగాయల్లా దొరికే దేశంలో ఉండి, ఏరికోరి మన ఎన్‌సీసీ కాలం నాటి దాన్ని కొన్నావేంట్రా? యుద్ధానికా, వేటకా?" అనేగా నీ గోల. చివర్లో మీ తాతయ్య మాట కూడా తగిలించావు: త్రీ నాట్ త్రీని మించిన తుపాకీ ఇంతవరకూ పుట్టలేదని. దీనికి ఫోన్లో జవాబు చెప్తే నువ్వు మధ్యలో అడ్డం పడతావు. అందుకే ఉత్తరం. కూర్చుని చదువు.

ముందు వస్తువు సంగతి. ఇది బ్రిటిష్ కాలపు ఆ త్రీ నాట్ త్రీ కాదు, దాని కడగొట్టు బిడ్డ. పేరు 2ఏ1. కలకత్తా దగ్గర ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో పుట్టింది. గుండుని లోపలికి తోసే బోల్టు పిడి కిందికి, కుడిపక్క ఇనుము మీద మన మూడు సింహాల గుర్తు, దాని కింద ఆర్.ఎఫ్.ఐ. అనే అక్షరాలు, 1967 అని సంవత్సరం. పెన్సిల్వేనియాలో ఒక తుపాకుల కొట్లో, అద్దాల బీరువాలో, అశోక స్తంభం కనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకో. పరాయి ఊరి బస్టాండులో మనూరి వాడు ఎదురైనట్టు అనిపించింది. ముందు చెక్కకి అడ్డంగా ఒక మర బిగించి ఉంది. ఆ మరని బట్టే ఇషాపూర్ సరుకు అని ఇక్కడివాళ్లు దూరం నుంచే గుర్తుపడతారు.

నన్ను ఆ కొట్టుకి తీసుకెళ్లింది మా పక్కింటి ముసలాయన. డెబ్బై ఆరేళ్లు. ఆయన దగ్గర పాత ఆర్మీ తుపాకులు నాలుగైదు ఉన్నాయి. సిటిజన్‌షిప్ వచ్చాక ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక ఇంటికి తెచ్చుకున్నాను. మీ చెల్లెమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. తాళం వేసే ఇనప బీరువా కొన్నాకే కాఫీ దొరికింది.

మన ఎన్‌సీసీ రోజులు గుర్తున్నాయా? కాల్చడానికి ఇచ్చింది పాయింట్ టూ టూ, భుజాన మోయించింది మాత్రం కాల్చడానికి పనికిరాని డీపీ రైఫిలు. బగల్ శస్త్ర, సలామీ శస్త్ర అని ఉస్తాద్ అరుస్తుంటే నీ చేతిలోంచి జారి నా బూటు మీద పడింది. ఆ బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరే. ఆరోజు నీ పూరీలు కూడా నేనే తిన్నాను కాబట్టి లెక్క సరిపోయింది.

ఇక మీ తాతయ్య మాట. మిలటరీ మాధవరం మనిషి, బర్మాలో ఆ తుపాకీతోనే బతికి బయటపడ్డవాడు. ఆయన ముందు నేను ఎదురు చెప్పేవాణ్ణి కాదు. ఆయన కాలానికి ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం కూడా. ఆ బోల్టు ఎందుకంత పేరు తెచ్చుకుందో మొదటిరోజు రేంజిలోనే అర్థమైంది. పిడి కొంచెం పైకి ఎత్తితే చాలు, వెన్నలో కత్తి దిగినట్టు వెనక్కి వచ్చేస్తుంది. తుపాకీని భుజం నుంచి దించక్కర్లేదు, కన్ను గురి మీంచి తీయక్కర్లేదు. జర్మన్ మౌజర్‌లో ఐదు గుండ్లు పడితే ఇందులో పది. బ్రిటిష్ సిపాయికి 300 గజాల గురి మీద నిమిషానికి 15 గుండ్లు చూసి కాల్చడం నేర్పేవాళ్లు. 1914లో బెల్జియంలోని మాన్స్ దగ్గర ఆ జోరు చూసి జర్మన్లు ఎదుట మెషిన్ గన్‌లు ఉన్నాయనుకున్నారని కథ ఒకటి చెప్పుకుంటారు. కథే అనుకో, కానీ బోల్టు ఆడిస్తే నమ్మబుద్ధేస్తుంది.

ఆ బోల్టుని రూపొందించిన జేమ్స్ పారిస్ లీ స్కాట్లాండ్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో పనిచేసినవాడు. తుపాకీ మాత్రం ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్ ఊరి పేరుతో స్థిరపడింది.

ముసలాయన మిగతావి కూడా కాల్పించాడు. రష్యన్ మోసిన్ నగాంట్, 1891 నాటి డిజైను, రోకలిబండే. నాలుగడుగుల పైన పొడవు. నాలుగైదు గుండ్లు పేలి వేడెక్కాక బోల్టు మొండికేస్తుంది, అరచేత్తో బాదాలి. కానీ మంచులో పడేసినా, బురదలో తొక్కినా పేలుతుంది. ఆ జాతి తుపాకీతోనే ఫిన్లండ్ సైనికుడు సిమో హాయ్‌హా 1939-40 చలికాలంలో, టెలిస్కోపు కూడా లేకుండా, రష్యా సైన్యానికి నిద్ర లేకుండా చేశాడు. అమెరికన్ గారండ్ వేరే తరగతి. బోల్టు లాగక్కర్లేదు, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక గుండు. ఎనిమిదో గుండు పేలగానే గుండ్లని పట్టి ఉంచే క్లిప్పు ఖాళీ అయి టింగుమని ఎగిరిపడుతుంది. క్లిప్పు లోపలికి నొక్కేటప్పుడు బొటనవేలు తీయడం ఆలస్యమైతే బోల్టు వచ్చి దాన్ని నలిపేస్తుంది. నలిగింది. ఈసారి రెండోచేతి వేలు, నీ ప్రమేయం లేకుండా.

నాకు మనసు పోయింది మాత్రం మౌజర్ 98 మీద. గుండు పెట్టెలోంచి బయటపడీ పడగానే ఒక ఉక్కు గోరు దాన్ని పట్టేసుకుంటుంది. తలకిందులుగా పట్టుకుని బోల్టు తోసినా జారదు. ఈ సుఖం తెలిసే వేటగాళ్లు దాన్ని వదల్లేదు. జిమ్ కార్బెట్‌కి చంపావత్ పులిని చంపినందుకు 1907లో బహుమతిగా ఇచ్చిన రిగ్బీ రైఫిలు మౌజర్ బోల్టుదే, అందులో వాడే గుండు కూడా మిలటరీ గుండే. అమెరికా సైన్యం తన 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలుకి ఆ పద్ధతిని ఎత్తుకుని, తర్వాత మౌజర్ కంపెనీకి రాయల్టీ కట్టింది.

సరే, యుద్ధం సంగతి. ఒరేయ్, అక్కడ వీటి పని అయిపోయింది, మీ తాతయ్య క్షమించాలి. చైనాతో యుద్ధంలో, 1962 నవంబరు 18న, లడఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర 13 కుమావ్ చార్లీ కంపెనీ జవాన్లు ఆ చలిలో ఒక్కో గుండుకీ బోల్టు లాగుతూ కాల్చారు. ఎదుటివాళ్ల చేతుల్లో వరసపెట్టి పేలేవి ఉన్నాయి. మేజర్ షైతాన్ సింగ్, ఆయన మనుషులు చివరిదాకా నిలబడ్డారంటే ఆ ఘనత మనుషులదే, తుపాకీది కాదు. ఆ యుద్ధం తర్వాతే మన సైన్యానికి దానంతట అదే లోడ్ చేసుకునే ఎస్ఎల్ఆర్ వచ్చింది, దాని గుండుతోనే పనిచేసేలా ఇషాపూర్ వాళ్లు నా 2ఏ1ని కూడా చేశారు. అంటే నా తుపాకీ పుట్టేటప్పటికే ముసలిది.

ఇందులో ఒక చిన్న వస్తువు చూపిస్తాను. మొదట చేసిన 2ఏ మోడల్లో గురి పలక మీద 2000 మీటర్ల దాకా గీతలు ఉండేవి. 2ఏ1కి వచ్చేసరికి 800 దగ్గర ఆపేశారు. రెండు వేల మీటర్ల దూరాన మనిషి చీమంత కూడా కనపడడు. వందమంది ఒకేసారి కాలిస్తే ఎవరికో ఒకరికి తగులుతుందన్న పాత లెక్క అది. అసలు యుద్ధంలో సిపాయి కాల్చేది ఎక్కువగా 300 మీటర్ల లోపే. అందుకే గుండు చిన్నదైంది, మోసే సంఖ్య పెరిగింది, కలాష్నికోవ్ పుట్టింది. 2008లో ముంబయి సీఎస్‌టీ స్టేషన్లో దుండగుల ఏకేల ముందు మన పోలీసుల్లో కొందరి చేతుల్లో ఉన్నవి త్రీ నాట్ త్రీలే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే నాడు గానీ వాటికి వీడ్కోలు చెప్పలేదు. మన పేపర్లలో ఎన్‌కౌంటర్ వార్త చివర 'సంఘటనా స్థలంలో ఒక త్రీ నాట్ త్రీ రైఫిల్, రెండు కిట్‌బ్యాగులు' అని ఎన్నేళ్లు చదివామో నీకూ తెలుసు.

కానీ వేట వేరురా. జింక తిరిగి కాల్చదు. దానికి నిమిషానికి పదిహేను గుండ్లు అక్కర్లేదు, ఒక్కటి చాలు, ఆ ఒక్కటీ సరైనచోట తగలాలి. వందేళ్ల క్రితం జింకని పడగొట్టడానికి ఏం కావాలో ఇవాళా అదే కావాలి, జింకేమీ ఉక్కు చొక్కా తొడుక్కోలేదుగా. కాబట్టి గొట్టం బాగున్న ఏ పాత రైఫిలైనా వంద గజాల్లో కొత్తదానితో సమానంగా పనిచేస్తుంది. పైగా పెన్సిల్వేనియాలో దానంతట అది లోడ్ చేసుకునే రైఫిలుతో జింకని కొట్టనివ్వరు, బోల్టో లీవరో చేత్తో లాగాల్సిందే. యుద్ధంలో గొప్పదైన గారండ్ ఇక్కడ ఇంట్లో కూర్చుంటుంది, యుద్ధంలో ఓడిన నాది అడవికి వెళ్తుంది.

మార్చాల్సింది గుండు. సైన్యం గుండుకి రాగి తొడుగు నిండా ఉంటుంది, సూదిలా దూరి అవతలికి పోతుంది. జింకకి అది తగిలితే కిలోమీటరు పరిగెత్తి ఏ పొదలోనో చస్తుంది, మనకి దొరకదు, దానికి నరకం. అందుకే వేటకి మొన మెత్తగా ఉండి లోపల పువ్వులా విచ్చుకునే గుండే వాడాలని ఇక్కడి రూలు. యుద్ధంలో సరిగ్గా దీనికి తిరగేసి: విచ్చుకునే గుండు వాడకూడదని 1899లో హేగ్‌లో దేశాలు రాసుకున్నాయి. ఆ గుండుకి పేరొచ్చింది మన డమ్‌డమ్ నుంచే, ఇషాపూర్‌కి దగ్గరి చుట్టం. మనిషిని చంపడానికి క్రూరం అని నిషేధించినది జింకకి దయ అని తప్పనిసరి చేశారు. రాత్రి బీరువాకి తాళం వేసేటప్పుడు ఈ సంగతి గుర్తొచ్చి ఎటూ తోచదు.

నాది త్రీ నాట్ త్రీ కాకపోవడం వల్ల మరో సుఖం. దాని గుండ్లు ఇక్కడ దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. నా దానికి సరిపడే మెత్తమొన గుండ్లు ఏ కొట్లోనైనా ఉంటాయి. అయితే కొత్తవాటిలో కొన్ని ఘాటుగా నింపుతారు, పాత ఇనుము కదా, నేను మామూలువే కొంటాను. కొనగానే తుపాకులు బాగుచేసే మేస్త్రీ దగ్గర బోల్టు, గొట్టం కొలిపించాను.

పోయినేడు మొదటి వేట. థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం, తెల్లారకముందే, ఒంటి మీద నారింజరంగు చొక్కా, నెత్తిన అదే రంగు టోపీ, అయ్యప్ప దీక్షలో రంగు మారినవాడిలా చెట్టుకి ఆనుకుని కూర్చున్నాను. ఏడున్నరకి వచ్చింది, కొమ్ముల పోతు, అరవై గజాలు. ఎడంపక్క సేఫ్టీ మీట ముందుకి తోశాను. టక్. ఫిరంగుల మధ్య ఆ చప్పుడు ఎవడికి వినపడుతుంది, ఆ అడవిలో మాత్రం గంట కొట్టినట్టైంది. దాని చెవులు రెండూ నా వైపు తిరిగాయి. నాకేమో చత్వారం. గురి చూసే వెనక గాడి కనిపిస్తే ముందు మొన మసక, మొన కనిపిస్తే జింక మసక. కాల్చాను. ఎదుటి చెట్టు బెరడు లేచింది. ముసలాయన వచ్చి బెరడు ముక్క తీసి జేబులో వేసుకున్నాడు. వాళ్ల వంటింట్లో ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఉంది.

టెలిస్కోపు పెట్టించుకోమన్నారు అందరూ. దానికి ఇనుముకి బెజ్జాలు వేయాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇక్కడ పాత తుపాకులు కారుచౌకగా దొరికేవట, జనం చెక్కలు కోసి, గొట్టాలు కత్తిరించి వేట తుపాకులు చేసుకున్నారు. అలా కోసినవాటిని ఇప్పుడు అడిగేవాడు లేడు. నేను బెజ్జం వేయించలేదు. సేఫ్టీ మీటని బొటనవేలితోనూ చూపుడువేలితోనూ రెండువైపులా పట్టి మెల్లగా జరపడం నేర్చుకున్నాను, వేసవంతా కాగితాల మీద కాల్చాను, కళ్లజోడు కొత్తది చేయించాను. డెబ్బై గజాలు దాటితే కాల్చనని నాకు నేనే గీత గీసుకున్నాను.

ఈ నెల మొదట్లో ఒక ఆడజింక దొరికింది, యాభై గజాలు, ఒకే గుండు, నాలుగడుగులు వేసి కూలింది. కొమ్ములు లేనిదానికి వేరే లైసెన్సు ఉండాలి, ఉంది. దగ్గరికి వెళ్లేసరికి దాని కన్ను తెరిచే ఉంది, నేను చాలాసేపు బోల్టు తీయడం కూడా మర్చిపోయాను. మాంసంలో కొవ్వు లేదు, ఆరు విజిల్స్ వచ్చాక గానీ లొంగలేదు. మీ చెల్లెమ్మ గోంగూర వేసి వండింది. ముసలాయన రెండోసారి వడ్డించుకున్నాడు, మంచినీళ్లు మాత్రం నాలుగు గ్లాసులు తాగాడు.

బరువు ఒక్కటే తిప్పలు. నాలుగున్నర కిలోల పైనే. కొండ ఎక్కేటప్పుడు ఉస్తాద్ గొంతు వినిపిస్తుంది.

ఇప్పుడు నీకో పని. మీ తాతయ్య దగ్గర గొట్టం తుడిచే పుల్‌త్రూ ఉండేది కదా, తాడూ, కొసన ఇత్తడి గుండూ. చిందీ, అదే తుడిచే గుడ్డ ముక్క, ఎలా తొడగాలో మనిద్దరికీ అరుగు మీద చూపించారు. మీరు ఇల్లు కట్టేటప్పుడు గోడ నిలువు చూసుకోమని ఆ గుండుని మేస్త్రీకి ఇచ్చేశారని గుర్తు. మేస్త్రీ తిరిగిచ్చాడా? అటక మీద ఒకసారి వెతుకు. తాడు పోయినా ఫర్వాలేదు, గుండు ఉంటే చాలు. సంక్రాంతికి మా అన్నయ్య వస్తున్నాడు, ఆవకాయ సీసాతో పాటు ఇచ్చి పంపించు.

నీ
శ్రీను