చుక్క పెడితే భూగోళం వచ్చేసినట్టేనా?

సంపాదకులు గారికి,

మా అమ్మాయి పదో తరగతి. మ్యాప్ పాయింటింగ్‌లో గోదావరిని కళ్లు మూసుకుని గుర్తిస్తుంది. కానీ ఇక్కడ భద్రాచలంలో చినుకు పడని రోజు కూడా వరద ఎందుకొస్తుందని అడిగితే తెల్లమొహం వేసింది. ఎక్కడో మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టిన ఈ నదిలో ప్రాణహిత, ఇంద్రావతి నదులు కలిసి మన గుమ్మం దాకా వస్తాయని అట్లాస్‌లో వేలితో చూపిస్తే, రాత్రి పదింటిదాకా పుస్తకం వదల్లేదు. 43 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చే చోట, 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటినప్పుడు మాతోపాటు మూట పట్టుకుని నడిచిన పిల్ల అది! బడిలో మాత్రం భూగోళం అంటే బట్టీ, మార్కుల టెన్షన్. ఏడాదికి ఒక్కసారైనా పిల్లల్ని కరకట్ట మీదికి తీసుకెళ్లి, నీటిమట్టం చూపించి పాఠం చెప్పాలని విద్యాశాఖను వేడుకుంటున్నాను.

– ఒక తండ్రి, భద్రాచలం