తిరిగి పైకి లేచిన విమానం ప్రమాద వార్త కాదు

సంపాదకులకు,

దిగబోయిన విమానం రన్‌వే దాకా వచ్చి మళ్లీ పైకి లేచిందంటే చాలు, మర్నాడు పత్రికల్లో 'త్రుటిలో తప్పిన పెను ప్రమాదం' అని శీర్షిక కనిపిస్తుంది. భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని ఇలాంటి వార్తలు ఇక విజయనగరం జిల్లా పేజీకే వస్తాయి కాబట్టి ముందుగానే ఈ ఉత్తరం. ఇలా దిగకుండా మళ్లీ పైకి లేవడాన్ని గో-అరౌండ్ అంటారు. భోగాపురం దగ్గరి ముక్కాం తీరంలో అల పెద్దదైతే తెప్పను ఆపి, మరో అదను చూసుకుంటారు. దానికెవరూ పెను ప్రమాదమని పేరు పెట్టరు.

జెట్ విమానం మూడు డిగ్రీల వాలులో దిగుతుంది. వేగం 140 నాట్లు (గంటకు సుమారు 260 కిలోమీటర్లు) అయితే నిమిషానికి సుమారు 700 అడుగులు కిందికి రావాలి. మబ్బుల్లో అయితే వెయ్యి అడుగుల ఎత్తుకి, ఆకాశం తేటగా ఉంటే 500 అడుగులకి వచ్చేసరికి అన్నీ కుదిరి ఉండాలి: చక్రాలు, ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచు పలకలు) దిగాలి, వేగం నిలకడగా ఉండాలి, దిగే జోరు నిమిషానికి వెయ్యి అడుగులు దాటకూడదు. ఒక్కటి కుదరకపోయినా ఇంజన్ల శక్తి పెంచి, ముక్కు ఎత్తి, పైకెక్కడం ఖాయమయ్యాక చక్రాలు మూసి మరోసారి రావాల్సిందే. వేరే విమానాశ్రయానికి వెళ్లడానికీ, అక్కడ మరో 30 నిమిషాలు తిరగడానికీ సరిపడా ఇంధనం బయల్దేరేటప్పుడే లెక్కగట్టి నింపుతారు.

మన దేశంలో రెండు పెద్ద ప్రమాదాలు తిరిగి లేవనందుకే జరిగాయి. 2010 మే 22న మంగళూరులో విమానం ఉండాల్సిన దానికన్నా చాలా ఎత్తులో వచ్చింది. దారిలో చాలాసేపు నిద్రపోయి లేచిన కెప్టెన్‌కు ఇంకా మగత వదల్లేదు. కో-పైలట్ మూడుసార్లు 'గో అరౌండ్' అన్నా దించేశారు, 158 మంది చనిపోయారు. కో-పైలట్ తనంతట తాను కంట్రోల్స్ అందుకోవచ్చా అన్న దానిపై నిబంధనల్లోనే స్పష్టత లేదని దర్యాప్తు తేల్చింది. పదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లోనూ అదే వరస. వాన, వెనక నుంచి గాలి, కెప్టెన్ వైపు వైపర్ సరిగా పనిచేయలేదు. 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగులు దాటాక చక్రాలు నేలను తాకాయి. అక్కడా కో-పైలట్ 'గో అరౌండ్' అని చెప్పాడు, కానీ కంట్రోల్స్ తీసుకోలేదు. మర్నాడు పొద్దున అక్కడి నుంచే మరో విమానం నడపాల్సిన తొందర కెప్టెన్‌కు ఉంది. కోజికోడ్‌లో కెప్టెన్ల కొరత. ఇదంతా 'మానవ తప్పిదం' అన్న రెండు మాటల్లో ఇమడదు. భోగాపురం రన్‌వే 3,800 మీటర్లు కదా అని ధీమా పడనక్కర్లేదు. రన్‌వేలో చాలా దూరం దాటాక దిగితే ఆ పొడవూ చాలకపోవచ్చు.

గో-అరౌండ్‌లోనూ ప్రమాదం లేకపోలేదు. 2013లో రష్యాలోని కజాన్‌లో అలా లేస్తూనే విమానం కూలి 50 మంది పోయారు. అయినా విమాన భద్రతపై పనిచేసే ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ లెక్కల ప్రకారం, అన్నీ కుదరకుండానే దిగబోయే విమానాల్లో 97 శాతం తిరిగి లేవకుండా దిగిపోతున్నవే. కారణాల్లో రోస్టరు (డ్యూటీల పట్టిక) ఉంది, ఆలస్యముంది, విసుక్కునే ప్రయాణికులున్నారు. కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్లూ పత్రికలు చదువుతారు, మన శీర్షికను ఆ జాబితాకు చేర్చకండి.

విలేకరులు కనుక్కోవాల్సినవి వేరే ఉన్నాయి: ఎంత ఎత్తులో ఉండగా తిరిగి లేచింది, అప్పుడు గాలి ఎటు నుంచి ఎంత, దూరం ఎంతమేర కనిపిస్తోంది, చివరికి ఎక్కడ దిగింది.

— ఒక పాఠకుడు, విజయనగరం