చెవులకి చున్నీ కట్టుకుంటున్నావా?

చిట్టితల్లీ,

నువ్వు ఫోన్ చేసి పద్దెనిమిది రోజులైంది. పని ఎక్కువుందేమోలే అనుకున్నాం. ఇక్కడ ఎండలు ముదిరాయి, బెంజ్ సర్కిల్ దాటేసరికి తల తిరిగిపోతోంది, మీ అమ్మ ఈసారి మాగాయ తొందరగానే పెట్టింది. బండి మీద వెళ్లేటప్పుడు చెవులకి చున్నీ కట్టుకుంటున్నావా?

వాయిదాల మీద ఖరీదైన హెడ్‌ఫోన్స్ కొన్నావని, ఇక ఫ్లాక్ అనే రకం పాటల ఫైళ్లే వింటానన్నావని చిన్నత్త చెప్పింది. కోప్పడనులే. సీడీలోని పాట ఫ్లాక్‌లో ఉన్నదున్నట్టు ఉంటుంది, ఎంపీ3లా కొంత తీసి పారెయ్యదు. కానీ సీడీలోనే పాడైన పాటని కూడా అంతే భద్రంగా దాస్తుంది. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చినా పోయింది తిరిగి రాదు, అదీ గుర్తుపెట్టుకో. రాత్రుళ్లు నిద్ర పడుతోందా?

మన గవర్నర్‌పేట క్యాసెట్ల కొట్టుకి ఒక బస్సు డ్రైవరుగారు వచ్చేవారు, అప్పటికి నీకు మూడేళ్లు. ఇంజన్ మోతలో వినపడాలి, క్యాసెట్ గట్టిగా ఎక్కించమన్నారు. రికార్డింగ్ లెవెల్ పెంచేశా, మీటర్లో సూది ఎర్రగీత మీదనుంచి దిగలేదు. మర్నాడే వెనక్కి తెచ్చారు, డోలు కొడుతుంటే కాగితం చింపినట్టుందని. ఆ రాత్రి కూర్చుని మొత్తం మళ్లీ ఎక్కించా, సూది ఎప్పుడో ఒక్కసారి ఎరుపు తాకేలా. మీ అమ్మ అన్నం రెండుసార్లు వేడిచేసింది. పొద్దున్నే బస్టాండుకి వెళ్లి ఆయన బస్సులోనే వేయించా. సౌండ్ తగ్గిందేంటన్నారు. నాబ్ కొంచెం తిప్పమన్నా. అప్పుడు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వినపడింది.

రాక్ ఆల్బమ్‌లకీ ఇదే గతి పట్టింది. పక్కవాళ్ల పాటకన్నా గట్టిగా మోగాలని మాస్టరింగ్‌లో, అంటే పాటని విడుదలకి సిద్ధంచేసే చివరి పనిలో, డ్రమ్ దెబ్బల తలలు అణగ్గొట్టి, మిగతాదంతా పైకి లేపారు. 2008లో మెటాలికా బ్యాండ్ 'డెత్ మాగ్నెటిక్' సీడీ అలాగే వచ్చింది, అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో అంత నొక్కకుండా ఉండేసరికి తేడా అభిమానులే పట్టుకున్నారు. అలాంటిది ఏ ఫైల్‌లో విన్నా ఎక్కడా తగ్గదు, చెవికి విశ్రాంతి ఉండదు. నువ్వు కొనేముందు ఎప్పటి మాస్టరింగో చూసి కొనుక్కో.

చెవి గురించే అడుగుతున్నా. పడుకుంటే గుయ్యిమంటోందని చిన్నత్తతో అన్నావట, మాకెందుకు చెప్పలేదమ్మా? వాల్యూమ్ సగానికి దించు, మధ్యమధ్యలో తీసి పక్కన పెట్టు, ఆ కాటన్ బడ్స్ పారెయ్. శనివారంలోపు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించి ఆడియోగ్రామ్, అదే వినికిడి పరీక్ష, తీయించుకో, డబ్బులు నేను వేస్తా. రిపోర్టు ఫొటో పంపు. గుయ్యిమనేది రెండు చెవుల్లోనా, ఒక్కదాంట్లోనా, అదిమాత్రం ఈ పూటే చెప్పు.

నాన్న