ప్రవాసంలో పోయిన న్యాయవాదులు

స్పెయిన్ అంతర్యుద్ధంపై మీ ఆదివారం కథనంలో ఫ్రాంకో, హిట్లర్, పికాసో ఉన్నారు గానీ, ఫ్రాంకో సైన్యం ఆ యుద్ధంలో కూలదోసిన రిపబ్లిక్ ప్రభుత్వం కోసం పార్లమెంటులో వాదించి చివరికి దేశం విడిచిన లాయర్ల ఊసే లేదు. మహిళల ఓటు హక్కును 1931 అక్టోబరు 1న 161–121 తేడాతో నెగ్గించిన క్లారా కాంపోఅమోర్ న్యాయవాది. ఆడవాళ్లకు ఓటు ఇప్పుడే ఇవ్వొద్దని వాదించిందీ మరో మహిళా లాయరే, విక్టోరియా కెంట్! ఇద్దరూ ఆడవాళ్లకు ఓటు లేని ఎన్నికల్లో గెలిచినవాళ్లే. ఓటు వచ్చాక 1933లో ఇద్దరూ ఓడిపోయారు. 1936లో దేశం దాటిన క్లారా బ్యూనస్ ఎయిర్స్‌లో చాలా ఏళ్లు గడిపి, 1972లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో కన్నుమూశారు. స్పెయిన్‌కు చేరింది ఆమె చితాభస్మమే. కెంట్ నాజీల ఆక్రమణలో పారిస్‌లో దాక్కుని, తర్వాత న్యూయార్క్ నుంచి ‘ఇబెరికా’ పత్రిక నడిపారు. ఆ రిపబ్లిక్‌కు అధ్యక్షుడిగా చేసిన అల్కలా-సమోరా కూడా లాయరే, ఆయన 1949లో బ్యూనస్ ఎయిర్స్‌లోనే పోయారు. మా ఊరి గ్రంథాలయంలో ఈ పేర్ల కోసం ఓ పూట వెతికాను, హిట్లర్ మీద మాత్రం అర అల్మారా పుస్తకాలున్నాయి. కనీసం క్లారా, కెంట్‌ల వాదనైనా తెలుగులో చదివే వీలుండాలి. ఆ రోజు చర్చలోని ముఖ్య భాగాలను నేరుగా స్పానిష్ నుంచి అనువాదం చేయించి ఆదివారం అనుబంధంలో వేయండి.

— ఒక పాఠకుడు, గుంటూరు